క్యాటలిసిస్ సింపోజియంలో ఉపన్యాసకులందరూ స్త్రీలే ఉండాలా? తెగని పంచాయితీ

గ్లవ్‌బాక్స్‌వాసి:
పీహెచ్‌డీ విద్యార్థులం కలిసి క్యాటలిసిస్ (ఉత్ప్రేరణ: తాను ఖర్చు కాని పదార్థంతో రసాయన చర్యను వేగంగా జరిపించడం) మీద ఒకరోజు సింపోజియం పెడుతున్నాం. ఉపన్యాసకులందరూ స్త్రీలే ఉండాలని కమిటీలో సగం మంది పట్టు. అలా చేస్తే "ఆడవాళ్ల ప్రోగ్రాం" అన్న ముద్ర పడుతుందని మిగతా సగం. మూడు మీటింగులయ్యాయి, పోస్టర్ రంగు తప్ప ఏదీ తేలలేదు. నాది మొదటి పక్షం. మీరేమంటారు?

జియోలైట్:
నాది రెండోది. విడిగా పెడితే వినాల్సినవాళ్లు రారు. ఉద్యోగాలిచ్చే ప్రొఫెసర్లకు ఆ రోజే ఏదో పని పడుతుంది. పోరాడాల్సింది పెద్ద వేదికల దగ్గర. 2015 క్వాంటమ్ కెమిస్ట్రీ కాంగ్రెస్‌కు వేసిన ఉపన్యాసకుల మొదటి జాబితాలో ఒక్క స్త్రీ పేరూ లేదు. ఆ రంగంలోనే పనిచేసే ఎమిలీ కార్టర్, లారా గాగ్లియార్డి, అన్నా క్రైలోవ్ బహిష్కరణకు పిలుపునిచ్చారు. దెబ్బ తగలాల్సిన చోట తగిలింది. విద్యార్థులే నడపాలంటే గోర్డన్ కాన్ఫరెన్సులనే సైన్స్ సమావేశాల ముందు జరిగే సెమినార్లు చూడండి. వాటిని నడిపేది విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లే (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాళ్లు), ఏ ముద్రా లేదు.

గ్లవ్‌బాక్స్‌వాసి:
ఆ ముగ్గురూ అప్పటికే పేరున్న ప్రొఫెసర్లండీ. మూడో ఏడాది విద్యార్థిని "నేను బహిష్కరిస్తున్నా" అంటే ఎవరికి పట్టింది? మా చేతిలో ఉన్నది ఒక హాలు, ఒక రోజు, పిలిచే హక్కు. ఆ హక్కు చిన్నదేం కాదు. కాసడెవాల్, హ్యాండెల్స్‌మన్ అనే శాస్త్రవేత్తలు 2014లో మైక్రోబయాలజీ సమావేశాల్లోని 460 సింపోజియాలు లెక్కేశారు. నిర్వాహకుల్లో ఒక్క స్త్రీ ఉన్నా, వేదిక మీద స్త్రీల వాటా చెప్పుకోదగ్గంత ఎక్కువగా కనిపించింది. మా రంగం కాదు, ఒప్పుకుంటా. కానీ పేర్లు గుర్తురావడం ఎక్కడైనా ఒకే తీరు: ఎవరికి ఎవరు తెలిస్తే వాళ్లనే పిలుస్తారు.

పాతకాపు:
పోస్ట్‌డాక్ చేస్తున్నా. రెండు వైపులా తిడతాను, ఏమనుకోకండి.

ఎలిజబెత్ ఫుల్హామ్ 1794లో దహనం మీద పుస్తకం రాసింది. లోహలవణాల నుంచి లోహం రావడానికి నీళ్లు కావాలని, ఆ నీళ్లు చర్యలో పాల్గొని చివరికి మళ్లీ తయారవుతాయని చెప్పింది. ఇది ఉత్ప్రేరణ కాక మరేమిటి? స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ దానికి పేరు పెట్టింది 1835లో. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో కథ బెర్జీలియస్ దగ్గరే మొదలు. కాబట్టి, జియోలైట్ గారూ, "మంచి పని చేస్తే పేరు అదే వస్తుంది" అని మాత్రం అనకండి.

ఇక రెండో తిట్టు. ఇలాంటి ఒక సభకు నన్నూ పిలిచారు. నా ఉపన్యాసానికి పదిహేను నిమిషాలు. "ఇల్లూ ల్యాబూ ఎలా సంభాళిస్తారు" అన్న చర్చకు గంట. ఫ్లాస్కులో నా పల్లాడియం క్యాటలిస్ట్ నల్లగా ఎందుకు దిగిపోతోందో ఒక్కరూ అడగలేదు. నాకు కావాల్సిన ప్రశ్న అదే. లిగాండ్ (లోహాన్ని పట్టుకుని ఉండే అణువు) మార్చి చూశారా అని ఎవరైనా అని ఉంటే ఆరు నెలలు మిగిలేవి. స్త్రీలను పిలవండి, కానీ కెమిస్ట్రీ అడగండి.

నాలుగో ఏడాది:
అందరూ వేదిక గురించే మాట్లాడుతున్నారు. కుర్చీలు వేసేదెవరు? మా దగ్గర ఇలాంటి సభ పెట్టినప్పుడు కమిటీలో అయిదుగురు అమ్మాయిలం, ఒక అబ్బాయి. అతను మైకు చూసుకున్నాడు. స్పాన్సర్ల వెంటపడటం, టికెట్లు, బస, అబ్‌స్ట్రాక్టులు అన్నీ మావే. నా రియాక్టర్ రెండు నెలలు ఆగింది. "మీరు మా క్యాటలిస్టులు" అని గైడ్ మెచ్చుకున్నారు. ఖర్చు కాకుండా పని చేస్తామని కాబోలు! క్యాటలిస్ట్ ఖర్చు కాదన్నది పుస్తకంలో మాట. రియాక్టర్‌లో కోక్ (మసిలాంటి కార్బన్ పొర) పట్టి చస్తుందని మనకు తెలీదా?

జియోలైట్:
ఇది నాకు తట్టలేదు. నిజంగానే. స్త్రీల కోసం పెట్టిన సభ స్త్రీల పరిశోధన సమయాన్నే తింటే లాభమేముంది? ఈ పనికి సగం మంది అబ్బాయిలు ఉండాలి, గైడ్లు ఆ సమయాన్ని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఇంకొకటి. 2018లో కార్టర్ బృందం (పైన చెప్పిన ఎమిలీ కాదు) పది దేశాల్లో 250 దాకా సెమినార్లు గమనించింది. మొదటి ప్రశ్న మగవాడు అడిగితే, ఆ తర్వాత స్త్రీల ప్రశ్నలు తగ్గాయి. మొదటి ప్రశ్న విద్యార్థినికి ఇవ్వండి. పైసా ఖర్చు లేదు.

గ్లవ్‌బాక్స్‌వాసి:
అయితే ఇదీ లెక్క. పేరు "క్యాటలిసిస్: లోహ ఉపరితలం నుంచి ఎంజైమ్ దాకా". ఉపన్యాసకులందరూ స్త్రీలే, ఆ మాట పోస్టర్ మీద ఉండదు. ఇల్లూ ల్యాబూ చర్చ లేదు. ప్రతి ఉపన్యాసం తర్వాత పావుగంట ప్రశ్నలు, మొదటిది విద్యార్థినిది.

జియోలైట్:
మంచి పని అయితే దాచడమెందుకు? చెప్పి చేయండి, లేదా సగం సగం పెట్టండి. ఇది నాకింకా మింగుడుపడలేదు.

పాతకాపు:
మగవాళ్లే ఉన్న సభల పోస్టర్ మీద "ఉపన్యాసకులందరూ పురుషులే" అని వేయడం ఎప్పుడైనా చూశారా?

నాలుగో ఏడాది:
అదంతా సరే. హాలు బుక్ చేసేదెవరు?

గ్లవ్‌బాక్స్‌వాసి:
...నేనే. తెలుసు, తెలుసు.