సామెతల్లో విన్న జీవులు, కళ్లారా చూసిన జీవులు: మీ అనుభవాలు చెప్పండి

భవానీపురం వాసి:
నిన్న సాయంత్రం కృష్ణ ఒడ్డున నడిచి వస్తూ, దారిలో ఉన్న మేడి చెట్టు కింద నాలుగు పళ్లు ఏరుకొచ్చాను. మా పాపకు ఎనిమిదేళ్లు. మేడిపండు సామెత చెప్పి, పొట్ట విప్పి పురుగులు చూపిద్దామనుకున్నాను. చాకుతో పండును రెండు ముక్కలు చేయగానే పురుగులు పాకలేదు, ఎగిరాయి! నువ్వుగింజ కన్నా చిన్నవి, సన్నటి రెక్కలున్నవి, చాకు మీదా పాప చేతి మీదా వాలాయి. పాప భయపడలేదు. రెండో పండు చేతిలోకి తీసుకుని, చుట్టూ తిప్పి చూసి, "నాన్నా, దీనికి రంధ్రం లేదు కదా, ఇవి లోపలికి ఎలా వెళ్లాయి?" అని అడిగింది. నలభై ఏళ్లుగా ఈ సామెత వింటున్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తోచలేదు. తెలిసినవారు చెప్పండి. సామెతలో, పెద్దల మాటల్లో విన్నదానికన్నా అసలు సంగతి వింతగా ఉన్న జీవులు ఇంకా ఉంటే అవి కూడా రాయండి. మీరు స్వయంగా చూసినవైతే మరీ మంచిది.

బ్రాడీపేట టీచరు:
నేను ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. మీ పాప అడిగినంత సూటి ప్రశ్న తరగతిలో చాలా అరుదుగా విన్నాను.

మేడిపండు అసలు ఒక్క పండు కాదు, వందల పూలను లోపల దాచుకున్న సంచి. పువ్వు బయటికి కనబడకుండా కాయ కాసే ఇలాంటి చెట్లనే సంస్కృతంలో వనస్పతులు అన్నారు. తొడిమకు ఎదురుగా ఉన్న కొనను పాపకు చూపించండి. చిన్న చిన్న పొలుసులు మూసి ఉంచిన ఇరుకు దారి ఒకటి ఉంటుంది. కాయ లేతగా ఉన్నప్పుడు ఆడ కందిరీగ (మనల్ని కుట్టే కందిరీగ కాదు, దాని చుట్టాల్లో అతి చిన్నది) ఆ దారిలో దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే, దూరేటప్పుడు దాని రెక్కలు అక్కడే విరిగిపోతాయి. ఇక బయటికి రావడమన్నది లేదు. తాను పుట్టిన పండు నుంచి తెచ్చిన పుప్పొడిని లోపలి పూలకు అందించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది.

ఆ గుడ్ల నుంచి వచ్చినవాటిలో ముందుగా మేలుకునేవి మగవి. వాటికి రెక్కలు ఉండవు, చూపు కూడా దాదాపు లేనట్టే. ఆడవి ఇంకా తమ పూల లోపల ఉండగానే వాటితో జతకట్టి, పండు గోడను కొరికి దారి తీసి, ఆ పనితోనే ప్రాణం విడుస్తాయి. ఆడవి పుప్పొడి మోసుకుంటూ ఆ దారిన బయటికి ఎగురుతాయి. వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులే. ఆలోపు లేతకాయలున్న మరో మేడి చెట్టును వాసన పట్టి వెతుక్కోవాలి.

ఆ పురుగు లేకపోతే మేడికి విత్తనం లేదు, మేడి లేకపోతే ఆ పురుగుకు పుట్టుక లేదు. రావికీ, మర్రికీ, జువ్వికీ ఇదే ఏర్పాటు, దేని కందిరీగ దానికి వేరు. సామెత చెప్పే నీతితో నాకు పేచీ లేదు. కానీ పొట్టలో పురుగు ఉండటం మేడికి తప్పు అంటే మాత్రం ఒప్పుకోను.

కోసి చూడటం కాదు, ఇలా చేయండి. అప్పుడే ఎరుపు తిరుగుతున్న పళ్లు కొమ్మ నుంచి మూడు నాలుగు తెంపి, కోయకుండా గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంచండి.

కృష్ణలంక:
టీచరుగారూ, మా తాతగారు వేదాంతం చెబుతూ భ్రమరకీటక న్యాయం అనేవారు. తుమ్మెద ఒక పురుగును గూటిలో పెట్టి చుట్టూ రొద చేస్తుందనీ, ఆ పురుగు భయంతో దాన్నే తలచుకుని తలచుకుని చివరికి తానే తుమ్మెద అయిపోతుందనీ చెప్పేవారు. పోయిన ఏడాది మా కిటికీ చెక్క మీద చిన్న కుండలాంటి మట్టిగూడు కనబడింది. గోలీకాయంత ఉంటుంది, మూతి కూడా కుండ అంచులా తిప్పి ఉంది. కట్టినది నడుము సన్నటి కందిరీగ. అది ఆకుపచ్చ గొంగళిపురుగులను ఒక్కొక్కటిగా తెచ్చి లోపల కూరి, మట్టితో మూసేసింది. రంగులు వేయడానికి వచ్చినవాళ్లు గూడును గీకేస్తే ముక్కలు ఏరి చూశాను. ఏడు గొంగళిపురుగులు. చచ్చిపోలేదు, పుల్లతో ముట్టుకుంటే కొంచెం కదులుతున్నాయి. గూటి పైకప్పు నుంచి సన్నటి దారానికి ఒక గుడ్డు వేలాడుతోంది. అది చూశాక తాతగారి మాట అర్థమైంది.

బ్రాడీపేట టీచరు:
మీరు చూసింది చాలా విలువైన దృశ్యం. తల్లి కందిరీగ కుట్టడం చంపడానికి కాదు, కదలకుండా చేయడానికి. చచ్చిన పురుగు కుళ్లిపోతుంది, బతికి ఉన్నది తాజాగా ఉంటుంది. గుడ్డు పిగిలి వచ్చిన పిల్ల వాటిని తిని పెరిగి, గోడ తొలుచుకుని కందిరీగగా బయటికి వస్తుంది. లోపలికి పురుగు వెళ్లడం, బయటికి కందిరీగ రావడం పూర్వులు గమనించారు. మధ్యలో జరిగినది గోడ చాటున ఉంది. గమనించినంతవరకు వాళ్లు చూసింది నిజమే.

గుణదల:
మా పెరట్లో తొండ ముదిరి ఊసరవెల్లి అయింది! తలా మెడా ఎర్రగా మారిపోయాయి.

బ్రాడీపేట టీచరు:
అది తొండే అమ్మా. జత కోసం మగ తొండకు ఆ ఎరుపు వస్తుంది. ఊసరవెల్లి వేరే కుటుంబం. దాని కళ్లు రెండూ వేర్వేరు వైపులకు తిరుగుతాయి, తోక కొమ్మకు చుట్టుకుంటుంది. తొండ ఎంత ముదిరినా తొండే.

నల్లపాడు రైతు:
నాది సామెత కాదు, పొలం ముచ్చట. మిరప కోతల రోజుల్లో కూలీలు ఇంటికి వెళ్లి సబ్బుతో ఎన్నిసార్లు కడుక్కున్నా రాత్రి దాకా చేతులు మండుతూనే ఉంటాయి. రామచిలుకలు మాత్రం గుంపుగా వచ్చి, పండుమిరపకాయను కాలితో పట్టుకుని, ముక్కుతో చీల్చి గింజలు తింటాయి. నీళ్ల కోసం కూడా వెతకవు. పక్క చేలో మేకలు పడితే ఆకు కొరుకుతాయి కానీ కాయ జోలికి రావడం నేను చూడలేదు. ఎందుకంటారు?

బ్రాడీపేట టీచరు:
అన్నగారూ, ఘాటునిచ్చే కాప్సైసిన్ అనే పదార్థం మన నాలుక మీద వేడిని పసిగట్టే ద్వారాన్నే తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలినప్పుడు తెరుచుకునేది అదే. అంటే "నోరు మండింది" అని మనం అనే మాట అక్షరాలా నిజం, మెదడుకు నిప్పు తగిలిన కబురే అందుతుంది. ఈ ద్వారాన్ని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పక్షుల్లో ఆ ద్వారం ఉన్నా కాప్సైసిన్‌కు తెరుచుకోదు, కాబట్టి చిలుకకు గుంటూరు మిరప ఒకటే, దోసకాయ ఒకటే. అడవి మిరప పుట్టిన అమెరికా ఖండంలో పిట్టలు కాయను మింగి, గింజను చెడకుండా దూరంగా వేస్తాయి. ఎలుకలాంటివి గింజను నమిలి పాడు చేస్తాయి. మిరప ఎవరిని రానివ్వాలో, ఎవరిని తరమాలో ఆ ఘాటుతోనే తేల్చుకుంది. ఇంకొకటి, ఘాటు పుట్టేది గింజలో కాదు, గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి పొరలో.

మంగళగిరి:
తేలు పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయని మా ఊళ్లో గట్టి నమ్మకం. మా కిరాణా కొట్టులో దొంగనోట్లు చూసే నీలి లైటు ఉంది. ఒక రాత్రి కరెంటు పోతే చేతికి అదే దొరికింది, పట్టుకుని వెనక గోనెసంచుల దగ్గరికి వెళ్లాను. గోడ వార ఒక తేలు నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో మెరిసిపోతూ కనబడింది, కాళ్ల గణుపులతో సహా. కానీ వీపు మీద మాత్రం వెలుగు లేదు, పాలిపోయిన ముద్దలా ఏదో ఉంది. ఫోను లైటు వేసి చూస్తే అవి పిల్లలు! ఇరవై దాకా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. తల్లి నిక్షేపంగా నడుస్తోంది. చంపబుద్ధి కాలేదు, పొడుగు పటకారుతో బకెట్‌లోకి తోసి కొండవైపు వదిలివచ్చాను. తల్లి మెరిసి పిల్లలు మెరవకపోవడం ఏమిటో?

బ్రాడీపేట టీచరు:
మెరిసే పదార్థాలు గట్టిపడిన పైపెంకులో ఉంటాయి. పుట్టిన పిల్లల చర్మం ఇంకా మెత్తన. తొలి కుబుసం విడిచేదాకా అవి అమ్మ వీపు దిగవు. తేలు గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. పొట్ట చీలడం లేదు, ఏమీ లేదు. మీరు వదిలేసినందుకు చాలా సంతోషం. చీకట్లో చెప్పులు దులిపి వేసుకోండి.

భవానీపురం వాసి:
టీచరుగారూ, సీసా పెట్టాము. మొదటి రోజు ఏమీ లేదు. ఈ ఉదయం ఆరింటికి పాప వచ్చి నన్ను లేపింది. ఒక పండు పక్కన గుండుసూది మోపినంత రంధ్రం పడి ఉంది. చూస్తుండగానే అందులోంచి తల ఒకటి వచ్చింది, ఆగింది, మొత్తం బయటికి వచ్చి రెక్కలు సర్దుకుంది. వెనకే ఇంకొకటి. అరగంటలో గుడ్డ నిండా అవే. సీసా అడుగున రెక్కలు లేని పసుపు రంగు పురుగు ఒకటి కదలకుండా పడి ఉంటే, "ఇదేనా దారి తీసింది?" అని పాప అడిగింది. సీసాను మేడి చెట్టు దగ్గరికే తీసుకెళ్లి, లేతకాయలున్న కొమ్మ కింద గుడ్డ విప్పాము.