104 వచ్చినవాళ్లు ప్రతిపక్షంలో, 37 వచ్చినవాళ్లకు సీఎం పదవి: 2018 కర్ణాటకలో మా ఓటు ఏమైనట్టు?

శ్రీనివాసపురం మామిడి

మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. 2018 మేలో మొదటిసారి ఓటేశాను, జేడీఎస్‌కి వేశాను. ఎందుకంటే మా ఊళ్లో రాజకీయం అంటే రెండు వర్గాలే, కాంగ్రెస్ రమేశ్‌కుమార్ గారి వర్గం, జేడీఎస్ వెంకటశివారెడ్డి గారి వర్గం. ఏళ్ల తరబడి ఒకసారి వీళ్లు, ఇంకోసారి వాళ్లు. మేం రెండో వర్గం. ఆసారి రమేశ్‌కుమార్ గారే గెలిచారు. సరే, ఓడిపోయాం అనుకున్నాం. రెండు వారాలు తిరక్కుండానే నేను ఓటేసిన పార్టీ, నేను ఎవరి మీద ఓటేశానో ఆ పార్టీ కలిసి ప్రభుత్వం పెట్టాయి. మా నియోజకవర్గంలో మమ్మల్ని ఓడించినాయనే స్పీకర్ అయ్యారు.

ఇప్పుడు మళ్లీ ఇంట్లో ఈ చర్చ మొదలైంది. మా చిన్నాన్న ఏమంటాడంటే, బీజేపీకి 104 వచ్చాయి, కాంగ్రెస్‌కి 78, జేడీఎస్‌కి 37, అంటే జనం చెప్పింది స్పష్టం, మిగతాదంతా దొడ్డిదారి అని. నాకు అది పూర్తిగా ఒప్పనిపించదు, కాదని చెప్పడానికి మాటలూ దొరకవు. ఫలితాల తర్వాత కుదిరే పొత్తు చట్టం ప్రకారం సరైనదేనా? సరైనదే అయితే పద్నాలుగు నెలలకే ఎందుకు కూలింది? పార్టీ తిట్లు వద్దు దయచేసి, తెలిసినవాళ్లు విషయం చెప్పండి.

వకీలు బాబాయ్

చట్టం సంగతి నేను చెబుతాను బాబూ. అసెంబ్లీ ఎన్నికల్లో నువ్వు ఎన్నుకునేది ముఖ్యమంత్రిని కాదు, ఎమ్మెల్యేని. ముఖ్యమంత్రి ఎవరన్నది సభలో ఎవరికి మెజారిటీ ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది. 2018 మే 12న 224 స్థానాల్లో 222కే పోలింగ్ జరిగింది (జయనగరలో అభ్యర్థి చనిపోయారు, రాజరాజేశ్వరి నగరలో ఓటరు కార్డుల గొడవ). జేడీఎస్ నేత కుమారస్వామి రెండు చోట్ల గెలిచారు కాబట్టి లెక్కకు 221, మెజారిటీ 111. మీ చిన్నాన్న చెప్పిన 104 పెద్ద అంకే, కానీ 111 కాదు. కుమారస్వామిని ఒక్కరిగానే లెక్కేస్తే కాంగ్రెస్, జేడీఎస్ కలిసి 114, కొళ్లేగాలలో గెలిచిన బీఎస్పీ ఎమ్మెల్యేతో 115. ఓట్ల శాతం చూస్తే కాంగ్రెస్‌కి 38, బీజేపీకి 36, జేడీఎస్‌కి 18. ఇందులో జనం ఒక్క పార్టీకే స్పష్టంగా చెప్పిన తీర్పు నాకైతే కనిపించదు.

అసలు పేచీ గవర్నర్ దగ్గర వచ్చింది. హంగ్ వచ్చినప్పుడు, అంటే ఎవరికీ మెజారిటీ రానప్పుడు, ఎవరిని ముందు పిలవాలి అన్నదానికి కేంద్ర-రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ ఒక వరస చెప్పింది. ఎన్నికలకు ముందే కుదిరిన పొత్తుకు మొదటి చోటు, తర్వాత ఇతరుల మద్దతుతో వచ్చిన అతిపెద్ద పార్టీకి, ఆ తర్వాతే ఫలితాల తర్వాత కట్టిన కూటమికి. ఈ వరస ప్రకారం చూస్తే బీజేపీని ముందు పిలవడానికి ఆధారం ఉంది, కాదనలేం. కానీ ఆ 'ఇతరుల మద్దతు' ఎవరిది? అవతల 115 మంది ఒక తాటి మీద ఉన్నామని చెబుతుంటే, ఇక మిగిలేది ఎంతమంది? పైగా ఏడాది ముందే, 2017లో గోవాలో 40కి 17 గెలిచిన కాంగ్రెస్‌ని కాదని 13 గెలిచిన బీజేపీ కూటమిని పిలిచారు. మణిపూర్‌లోనూ అంతే. అక్కడొక సూత్రం, ఇక్కడొక సూత్రం. నాకు కోపం తెప్పించేది ఇది.

గవర్నర్ వజూభాయ్ వాలా బీజేపీ నేత యడియూరప్పని పిలిచి, బలం నిరూపించుకోవడానికి 15 రోజులు ఇచ్చారు. ఏడెనిమిది మంది తక్కువ ఉన్న పార్టీకి 15 రోజులు ఇస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. రాత్రికి రాత్రి కాంగ్రెస్ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. మే 17 తెల్లవారుజాము దాకా ముగ్గురు జడ్జీలు విన్నారు. ప్రమాణ స్వీకారం ఆపలేదు కానీ, మర్నాడు 15 రోజుల గడువును కుదించి 19న సాయంత్రం నాలుగింటికి బలపరీక్ష పెట్టమన్నారు. యడియూరప్ప ఓటింగ్ దాకా రాకుండానే రాజీనామా చేశారు. మెజారిటీ తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ బొమ్మై కూడా కర్ణాటక ముఖ్యమంత్రే, బలం నిరూపించుకునే అవకాశం ఇవ్వకుండా 1989లో ఆయన్ని దించేశారు. కాబట్టి మే 23న కుమారస్వామి చేసిన ప్రమాణం చట్టం ముందు నిఖార్సైనదే. దొడ్డిదారి అనే మాట తప్పు.

మండ్య కోడలు

బాబాయ్ గారు చెప్పింది కరెక్టే, కానీ అది బెంగళూరు విధానసౌధలో జరిగిన కథ. ఎందుకు కూలిందీ అంటే మా మండ్య వైపు వచ్చి చూడాలి తమ్ముడూ. నేను అనంతపురం నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చినదాన్ని. ఉత్తర కర్ణాటకలో పోటీ కాంగ్రెస్‌కీ బీజేపీకీ. మండ్య, హాసన్, రామనగర, మైసూరు చుట్టుపక్కల, మీ కోలారులో కూడా, చాలా చోట్ల అసలు పోటీ కాంగ్రెస్‌కీ జేడీఎస్‌కీ. అంటే పైన చేతులు కలిపింది ఎవరయ్యా అంటే, కింద ఊళ్లల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లు. పంచాయతీలో గొడవ వాళ్ల మధ్యే, సహకార సంఘంలో గొడవ వాళ్ల మధ్యే, పోలీసు కేసులూ ఒకరి మీద ఒకరు పెట్టుకున్నవే.

సిద్ధరామయ్య గారినే తీసుకోండి. 2018లో ముఖ్యమంత్రిగా ఉండి సొంత చాముండేశ్వరిలో జేడీఎస్ జీటీ దేవేగౌడ చేతిలో 36 వేల పైన ఓట్లతో ఓడిపోయారు. బాదామిలో బీజేపీ శ్రీరాములు మీద పదిహేడు వందల లోపు మెజారిటీతో గట్టెక్కారు. తర్వాత చూస్తే ఆయన్ని ఓడించిన మనిషి కూటమిలో మంత్రి, ఈయన కూటమి సమన్వయ కమిటీకి అధ్యక్షుడు. పై వాళ్లు పెద్దమనసు చేసుకున్నారనే అనుకుందాం, కార్యకర్త ఎలా చేసుకుంటాడు?

2019 లోక్‌సభ ఎన్నికల్లో అదంతా బయటపడింది. పొత్తులో మండ్య జేడీఎస్‌కి ఇచ్చారు, కుమారస్వామి కొడుకు నిఖిల్ నిలబడ్డాడు. మా మండ్య నటుడు అంబరీశ్ గారు అంతకుముందు నవంబర్‌లోనే పోయారు, ఆయన రాజకీయ జీవితంలో ఎక్కువ భాగం కాంగ్రెస్‌లోనే ఉన్నారు. భార్య సుమలత గారు (మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు) ఇండిపెండెంట్‌గా దిగారు, బీజేపీ అభ్యర్థిని పెట్టకుండా ఆమెకు మద్దతిచ్చింది. పోలింగ్ రోజు బూత్‌లోకి వెళ్తే ఈవీఎం మీద హస్తం గుర్తే లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి హస్తానికి వేసిన మనిషి ఏం చేస్తాడు? తలమీద పంట మోస్తున్న ఆడమనిషి బొమ్మ, అదే జేడీఎస్ గుర్తు, దాన్ని నొక్కడానికి మా వీధిలో కాంగ్రెస్ వాళ్లకి చెయ్యి రాలేదు. ఏడాది ముందు మండ్య జిల్లాలో ఏడుకి ఏడు అసెంబ్లీ సీట్లూ గెలిచిన జేడీఎస్, అక్కడే లక్షా పాతిక వేల ఓట్ల తేడాతో ఓడింది. తుమకూరులో మాజీ ప్రధాని దేవెగౌడ గారంతటి మనిషి ఓడిపోయారు. రాష్ట్రం మొత్తం మీద 28లో బీజేపీకి 25. ఇక ఆ తర్వాత సర్కారు నిలబడుతుందని మా దగ్గర ఎవరూ అనుకోలేదు. జూలైలో కూలింది.

పాత బెంగళూరు

క్యాంపు రాజకీయాల గురించి ఎవరూ రాయలేదని రాస్తున్నా. 2018 మేలో యడియూరప్ప ప్రమాణం చేయగానే బిడది దగ్గర రిసార్ట్‌లో ఉన్న ఎమ్మెల్యేలకు పోలీసు కాపలా తీసేశారు, ఆ రాత్రే బస్సులెక్కించి హైదరాబాద్ తరలించారు. మన తెలుగువాళ్లకి ఇది తిరగేసిన కథలా అనిపిస్తుంది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టినప్పుడు టీడీపీ ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి తెచ్చి పెట్టింది కర్ణాటకలోనే, అప్పుడు ఇక్కడ రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రోజుల్లో బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లం ఆ ఎమ్మెల్యేల గురించి ఎంత ఆత్రంగా మాట్లాడుకునేవాళ్లమో ఇప్పటికీ గుర్తుంది.

ఒక్కటి మాత్రం బాధగా ఉంటుంది. 1984లో అడిగింది ఒక్కటే, సభ పెట్టండి, లెక్కపెట్టండి అని. 2019 జూలైలో అలా కాదు, ఎమ్మెల్యేలు రాజీనామా చేసి ముంబై హోటల్లో కూర్చున్నారు. వాళ్లతో మాట్లాడటానికి డీకే శివకుమార్ వెళితే, నాకూ ఈ హోటల్లో గది బుక్ అయింది అన్నా పోలీసులు గుమ్మం దాటనివ్వలేదు. తనకు ఓటేసిన ఊరి వాళ్లకే కాదు, తన పార్టీ మంత్రికి కూడా కనపడని ఎమ్మెల్యే ఎవరి ప్రతినిధి అండీ?

శ్రీనివాసపురం మామిడి

చాలా థాంక్స్ అందరికీ. మండ్య అక్కా, మీరు చెప్పింది మా ఊరికి కూడా అచ్చంగా సరిపోతుంది. ఆ పద్నాలుగు నెలలూ మా వర్గం వాళ్లకి ప్రభుత్వం మాదో కాదో అర్థం కాలేదు. ఇంకొక్క ప్రశ్న. పార్టీ మారితే పదవి పోతుంది కదా, మరి 2019లో రాజీనామా చేసిన ఆ 17 మంది ఎలా బయటపడ్డారు?

వకీలు బాబాయ్

బయటపడలేదు, పదవి పోయింది. కానీ పోవాలనే కదా వాళ్లు రాజీనామా చేసింది. ఫిరాయింపుల చట్టం 1985 నాటిది, మూడో వంతు మంది చీలిపోతే వదిలేసే వెసులుబాటును 2003లో తీసేశారు. అప్పటి నుంచి చీలిక దారి మూసుకుపోయింది కాబట్టి రాజీనామా దారి కనిపెట్టారు. 2008లో బీజేపీకి 110 వచ్చి మెజారిటీకి మూడు తగ్గినప్పుడు ఇక్కడే మొదలైంది, ఆపరేషన్ కమల అని పేరు. సభలో సంఖ్య తగ్గితే మెజారిటీ గీత కూడా కిందికి దిగుతుంది. 2019 జూలై 23 బలపరీక్షలో కూటమికి 99, వ్యతిరేకంగా 105, అంతే.

స్పీకర్, అంటే మీ ఊరి రమేశ్‌కుమార్ గారు, 17 మందినీ అనర్హులుగా ప్రకటించి సభ గడువు ముగిసేదాకా, అంటే 2023 దాకా పోటీ చేయకూడదన్నారు. నవంబర్‌లో సుప్రీంకోర్టు అనర్హత సరేనంది, 2023 దాకా అన్నది మాత్రం కొట్టేసింది. డిసెంబర్‌లో 15 చోట్ల ఉప ఎన్నికలు, బీజేపీకి 12. గెలిచిన వాళ్లలో పదిమంది ఫిబ్రవరిలో మంత్రులు. రాజీనామా చేసినవాడు లేదా అనర్హత పడినవాడు ఆ సభ గడువు తీరేదాకా మళ్లీ పోటీ చేయకూడదు, మంత్రి కాకూడదు అని చట్టంలోనే రాయకపోతే ఈ దారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. స్పీకర్ చెప్తే నిలవదని తేలిపోయింది, పార్లమెంటే చెయ్యాలి.

రాయచూరు రైతు

అంతా చట్టం మీదకే నెట్టేస్తున్నారు, ఆ 17 మందిలో 11 మందిని మళ్లీ గెలిపించింది మనం కాదా? అయితే అందరూ గెలవలేదు కూడా. హుణసూరులో విశ్వనాథ్ ఓడారు, ఆయన అంతకుముందు జేడీఎస్ రాష్ట్ర అధ్యక్షుడు. హొసకోటెలో ఎంటీబీ నాగరాజ్ ఓడారు. మా మస్కిలో కేసు వల్ల ఉప ఎన్నిక ఆలస్యమై 2021లో జరిగింది, ప్రతాప్‌గౌడ పాటిల్‌ని జనం ఓడించారు. ప్రభుత్వం వాళ్లదే, మంత్రులంతా వచ్చి ఊళ్లల్లో తిరిగారు, అయినా ఓడించారు. కాబట్టి ఓటరు చేతిలో ఏమీ లేదనే మాట నేను ఒప్పుకోను.

ఇంకోటి, ఆ కూటమి ఏమీ చెయ్యలేదని కూడా అనకండి. 2018 జూలై బడ్జెట్‌లో 34 వేల కోట్ల రుణమాఫీ ప్రకటించారు. డబ్బు విడతలుగా పడింది, బ్యాంకుల చుట్టూ తిరగాల్సి వచ్చింది, నిజమే. కానీ చిన్న రైతుకి అది చిన్న విషయం కాదు.

మండ్య కోడలు

రైతన్నా, రుణమాఫీ మా దగ్గరా అందింది, కాదనను. అయినా 2019లో ఓట్లు ఎందుకు పడలేదో అదే కదా నేను చెప్పేది. రుణమాఫీ ప్రకటించిన ఆ 2018 జూలైలోనే కుమారస్వామి గారు సొంత పార్టీ సభలో కళ్లనీళ్లు పెట్టుకున్నారు, విషం మింగి గొంతులో దాచుకున్న శివుడిలా ఉన్నానని. ముఖ్యమంత్రే అలా అంటే కింద కార్యకర్త కూటమిని తనదనుకుంటాడా?

తమ్ముడు అడిగిన దానికి నా జవాబు ఇదీ. పొత్తు తప్పు కాదు, ఓటరుకి ముందు చెప్పకపోవడం తప్పు. 2024లో ఆంధ్రాలో టీడీపీ, జనసేన, బీజేపీ పోలింగ్‌కి ముందే సీట్లు పంచుకుని, ఎవరికి వేస్తే ఎవరొస్తారో చెప్పి వెళ్లారు, 175లో 164 వచ్చాయి. ఇక్కడ కూడా 2023లో 19 సీట్లకు పడిపోయిన జేడీఎస్ ఆ సెప్టెంబర్‌లోనే బీజేపీతో కలిసింది, 2024లో ఆ విషయం చెప్పే ఓటడిగింది. నచ్చినవాళ్లు వేశారు, నచ్చనివాళ్లు మానేశారు. మా మండ్యలో కుమారస్వామి గెలిచారు, మీ కోలారు సీటూ జేడీఎస్‌కే వచ్చింది. ఈసారి మీ వర్గం వాళ్లకి ఎవరితో ఉన్నామో బూత్‌కి వెళ్లే ముందే తెలుసు కదా?

శ్రీనివాసపురం మామిడి

తెలుసు అక్కా. దానివల్లే మా ఇంట్లో రెండు ఓట్లు అటూ ఇటూ మారాయి కూడా. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో మా ఇంటికి ఓటడగడానికి వచ్చిన ప్రతివాళ్లనీ, హంగ్ వస్తే ఎవరితో వెళ్తారని అడుగుతాను. బాబాయ్ గారు చెప్పిన 111 లెక్క చిన్నాన్నకి పంపించాను, సర్కారియా వరసలో బీజేపీదే ముందు చోటు కదా అని ఇప్పటికే తిరిగి వాదిస్తున్నాడు. గోవా సంగతి కూడా పంపుతున్నాను.