అధిక పీడనం కదలకుండా నిలిచిపోతే శీతాకాలం ఎందుకు అంతగా మారిపోతుంది?

పడమటిగాలి (ప్రశ్న):

అధిక పీడనం ఉన్న చోట గాలి పైనుంచి కిందికి దిగుతుందనీ, అందువల్ల మేఘాలు చెదిరి ఆకాశం నిర్మలంగా ఉంటుందనీ పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. అయితే ఐరోపాలో రోజుల తరబడి మంచు కురిసినప్పుడల్లా శాస్త్రజ్ఞులు ఇచ్చే వివరణలో ‘బ్లాకింగ్’ (అడ్డుపడటం) అనే మాట, దానితోపాటు ఒక బలమైన అధిక పీడన కేంద్రం ప్రస్తావన కనిపిస్తున్నాయి. నిర్మలమైన ఆకాశాన్ని ఇవ్వవలసిన వ్యవస్థ తీవ్రమైన చలికీ మంచుకీ ఎలా కారణమవుతుంది? ఆ అక్షాంశాల్లో మిగిలిన వ్యవస్థలన్నీ పడమర నుంచి తూర్పుకు సాగిపోతుంటే ఇదొక్కటే ఎందుకు నిలబడిపోతుంది? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పటాలచదువరి:

అధిక పీడన కేంద్రం కింద ఏం జరుగుతోందో మాత్రమే చూస్తే ఈ చిక్కు వీడదు. దాని అంచుల్లో గాలి ఎటు వీస్తోందో చూడాలి. ఉత్తరార్ధగోళంలో అధిక పీడనం చుట్టూ గాలి సవ్యదిశలో తిరుగుతుంది. కాబట్టి దాని పడమటి అంచున వెచ్చని గాలి ఉత్తరానికి ఎగబాకుతుంది, తూర్పు అంచున ధ్రువప్రాంతపు చల్లని గాలి దక్షిణానికి దిగుతుంది, దక్షిణపు అంచున తూర్పు గాలులు వీస్తాయి. ఈ గాలులు ఒకటి రెండు రోజులు వీచి ఆగిపోతే పెద్ద విశేషమేమీ ఉండదు. కేంద్రం వారం, రెండు వారాలు కదలకపోతే మాత్రం, ఒకే ప్రాంతం మీదికి ఒకే దిక్కు నుంచి చల్లని గాలి ఆగకుండా వచ్చి చేరుతూ, నేలను, చెరువులను, చివరికి లోతు తక్కువైన సముద్రపు అంచులను కూడా చల్లబరుస్తుంది.

దీన్ని గుర్తించడానికి భూమి నుంచి సుమారు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తున, అంటే గాలి పీడనం 500 హెక్టోపాస్కల్ ఉండే స్థాయికి గీసిన పటం చూడాలి. మామూలు రోజుల్లో ఆ స్థాయి ఎత్తు భూమధ్యరేఖ వైపు ఎక్కువగా, ధ్రువం వైపు తక్కువగా ఉంటుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖలు కొద్దిపాటి ఒంపులతో పడమర నుంచి తూర్పుకు సాగుతాయి, గాలి కూడా వాటి వెంటే నడుస్తుంది. బ్లాకింగ్ ఏర్పడినప్పుడు ఆ రేఖల కట్ట ఒకచోట రెండుగా చీలుతుంది. ఒక పాయ ఉత్తరానికి చుట్టు తిరిగి వెళ్తుంది, రెండోది దక్షిణానికి జారిపోతుంది, మధ్యలో మూసుకున్న వలయాలు మిగులుతాయి. టిబాల్డీ, మోల్టెనీ అనే శాస్త్రజ్ఞులు 1990లో ప్రతిపాదించిన సూచిక ఈ లక్షణాన్నే లెక్కలోకి తెచ్చింది. ఒక రేఖాంశం మీద 40 డిగ్రీల అక్షాంశం దగ్గరి ఎత్తు కంటే 60 డిగ్రీల దగ్గరి ఎత్తు ఎక్కువగా ఉండి, అక్కడి నుంచి 80 డిగ్రీల వైపు బాగా తగ్గుతూ ఉంటే, అక్కడ పశ్చిమ పవనాలకు అడ్డు పడినట్లే. ఆ స్థితి కొన్ని రోజులు కొనసాగితేనే దాన్ని బ్లాకింగ్‌గా పరిగణిస్తారు.

మంచు సంగతికి 2018 ఫిబ్రవరి చివరి రోజులు మంచి ఉదాహరణ. అప్పుడు స్కాండినేవియా మీద బలమైన అధిక పీడనం నిలిచింది. దాని దక్షిణపు అంచున రష్యా వైపు నుంచి బయలుదేరిన పొడి చలిగాలి ఉత్తర సముద్రం దాటి బ్రిటన్‌కు చేరింది. ఆ సముద్రపు నీరు గాలి కంటే ఎన్నో డిగ్రీలు వెచ్చన. చల్లని గాలి దాని మీదుగా వస్తూ కింది నుంచి వేడినీ తేమనూ అందుకుని, అస్థిరంగా మారి, వరుసలు వరుసలుగా మేఘాలు కట్టి, తూర్పు తీరానికి చేరగానే మంచు జల్లులు కురిపించింది. అధిక పీడన కేంద్రం కింద ఆకాశం నిర్మలంగానే ఉండవచ్చు, మంచు మాత్రం దాని అంచున పడుతుంది. మీరు చదువుకున్న సూత్రం తప్పేమీ కాదు, అది కేంద్రానికి వర్తించే సూత్రం. ఆ కేంద్రం కింద కూడా శీతాకాలపు పొడవైన రాత్రుల్లో నేల వేడిని కోల్పోయి, చల్లని గాలి అడుగున చిక్కుకుని, దట్టమైన పొగమంచు, కాలుష్యం పేరుకుపోతాయి.

దీర్ఘతరంగం:

పై వివరణకు ఒక ముఖ్యమైన విషయం జోడించాలి. బ్లాకింగ్ అంటే చలి అని అనుకోకూడదు, ఎందుకంటే అదే వ్యవస్థ ఒకచోట చలిని, మరోచోట అసాధారణమైన వెచ్చదనాన్ని ఇస్తుంది. 2009-10 శీతాకాలంలో గ్రీన్‌లాండ్ పరిసరాల్లో అధిక పీడనం పదేపదే నిలవడంతో ఉత్తర ఐరోపా గడ్డకట్టింది, గ్రీన్‌లాండ్, ఈశాన్య కెనడా మాత్రం మామూలు కంటే ఎంతో వెచ్చగా గడిచాయి. మళ్లీ 2010 డిసెంబరులో అటువంటి స్థితే ఏర్పడి, మధ్య ఇంగ్లండ్‌లో నెల సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు చేరింది. 1890 తర్వాత అక్కడ అంత చల్లని డిసెంబరు లేదు. ఆ అడ్డు తొలగిన తర్వాత అదే శీతాకాలంలో ఫిబ్రవరి వెచ్చగా గడిచింది. ఒక శీతాకాలపు స్వభావం సగటులో కాక, ఇలాంటి రెండు మూడు వారాల్లో తేలిపోతుందన్నది నా అభిప్రాయం.

ఎందుకు కదలదన్న ప్రశ్నకు మూలం వాతావరణ శాస్త్రజ్ఞుడు రాస్‌బీ 1939లో వివరించిన దీర్ఘ తరంగాల్లో, అంటే పశ్చిమ పవనాల్లో ఏర్పడే పెద్ద పెద్ద ఒంపుల్లో ఉంది. ఈ తరంగాలు వాటి స్వభావం రీత్యా పడమర దిక్కుకు కదలజూస్తాయి, పశ్చిమ పవనాలు వాటిని తూర్పుకు తోస్తాయి. తరంగం పొడవు పెరిగేకొద్దీ పడమటి కదలిక బలపడి, ఒక దశలో రెండూ సరిసమానమై తరంగం నిలిచిపోతుంది. అయితే ఇంతటితో అన్ని రోజుల మన్నిక అర్థం కాదు. వెనుక నుంచి వచ్చే చిన్న అల్పపీడనాలు అడ్డు దగ్గర సాగదీయబడి, ఉపఉష్ణమండలపు గాలిని కేంద్రంలోకి పంపుతూ దాన్ని పోషిస్తాయి. ఆ అల్పపీడనాల్లో ఆవిరి మేఘంగా మారేటప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణం కూడా పైనున్న అధిక పీడనాన్ని పెంచుతుంది. కదలిక ఆగిపోయే తీరును నాకమురా, హువాంగ్ అనే శాస్త్రజ్ఞులు 2018లో రహదారి మీది వాహనాల రద్దీతో పోల్చి సమీకరణాలు రాశారు. జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలి ప్రవాహం) ఒకచోట మోయగలిగిన తరంగాల పరిమాణానికి ఒక హద్దు ఉంటుంది. రాక ఆ హద్దు దాటితే తరంగాలు ఒకదాని వెనుక ఒకటి పోగుపడతాయి. జెట్ స్ట్రీమ్ బలహీనపడే చోట్లలో, అంటే అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాల తూర్పు కొసల దగ్గర బ్లాకింగ్ ఎక్కువగా కనిపించడానికి ఇది చక్కని వివరణ.

పడమటిగాలి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కేంద్రం ఎక్కడ నిలిచిందన్నదే అన్నిటికంటే ముఖ్యమని అర్థమైంది. ఆసియాలో కూడా ఇలాగే జరుగుతుందా? ఎన్నాళ్ల ముందు చెప్పగలరన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

తూర్పుచలి:

ఆసియాకు కీలకమైన స్థానం ఉరల్ పర్వతాల ప్రాంతం. అక్కడ అధిక పీడనం నిలిస్తే దాని తూర్పు అంచున దిగే గాలి సైబీరియా మీద చలిని పోగుచేసి, ఉపరితలంలోని సైబీరియా అధిక పీడనాన్ని బలపరుస్తుంది. ఆ చలి తర్వాత విడతలు విడతలుగా తూర్పు ఆసియా మీదికి దూకుతుంది. 2008 జనవరిలో దక్షిణ చైనాకు వచ్చిన విపత్తు ఇలాంటిదే. అడుగున పలుచని పొరగా చలిగాలి, దాని మీద దక్షిణం నుంచి వచ్చిన తేమగల వెచ్చని గాలి నిలవడంతో, వాన చినుకులు తీగలకు తాకగానే గడ్డకట్టాయి. ఆ బరువుకు విద్యుత్ స్తంభాలు కూలాయి, చైనా కొత్త సంవత్సరానికి ఇళ్లకు బయలుదేరిన జనం రైల్వేస్టేషన్లలో చిక్కుకుపోయారు. ఒక్క విడత చలి వచ్చి పోతే ఇంత నష్టం ఉండేది కాదు. అవే పరిస్థితులు మళ్లీ మళ్లీ అక్కడే ఏర్పడటం వల్లనే మంచు కరగకుండా పేరుకుంది.

ముందస్తు అంచనా విషయంలో, బ్లాకింగ్ మొదలయ్యే క్షణాన్నీ, విరిగిపోయే క్షణాన్నీ పట్టుకోవడం కంప్యూటర్ నమూనాలకు ఇప్పటికీ కష్టమే. ఒకసారి స్థిరపడిన తర్వాత కొన్ని రోజుల పాటు అంచనా తేలికవుతుంది. చాలా నమూనాలు, ముఖ్యంగా అట్లాంటిక్-ఐరోపా ప్రాంతంలో, బ్లాకింగ్‌ను వాస్తవం కంటే తక్కువగా చూపిస్తాయి. నమూనాల్లో గల్ఫ్ స్ట్రీమ్ (అట్లాంటిక్‌లోని వెచ్చని సముద్ర ప్రవాహం) ఉష్ణోగ్రతలను సరిదిద్ది, వివరాల సూక్ష్మతను పెంచినప్పుడు ఆ లోపం కొంత తగ్గింది. కొన్నిసార్లు స్ట్రాటోస్ఫియర్ (మేఘాలుండే పొరకు పైనున్న వాతావరణ పొర) నుంచి ముందుగా సూచన అందుతుంది. 2018 ఫిబ్రవరి 12న ధ్రువం మీది పశ్చిమ పవనాలు ఆ ఎత్తులో తిరగబడ్డాయి, పైన చెప్పిన చలి రెండు వారాల తర్వాత ఐరోపాను తాకింది. అయితే అలా తిరగబడిన ప్రతిసారీ కింద చలి వస్తుందన్న హామీ లేదు. అందుచేత పది రోజుల తర్వాతి అంచనాను చదివేటప్పుడు ఒకే ఉష్ణోగ్రత అంకె మీద ఆధారపడకుండా, కొద్ది తేడాలతో నడిపిన అనేక అంచనాల్లో ఎన్ని ఆ అడ్డును నిలిపి ఉంచుతున్నాయో, ఎన్ని దాన్ని తూర్పుకు నెట్టేస్తున్నాయో చూడండి. కేంద్రం కొన్ని వందల కిలోమీటర్లు పక్కకు జరిగినా, చలిగాలి వీచే చోట వెచ్చని గాలి వీస్తుంది.