విండో సీటు వాళ్లు కర్టెన్ మూసేస్తే పక్కవాళ్లు ఊరుకోవాలా?

అలలదారి:
పోయిన వారం పొద్దున బస్సులో జరిగింది ఇది. ఎక్కిన ఊరూ దిగిన ఊరూ రెండూ సముద్రం ఒడ్డునే. మధ్యలో రెండు గంటల ప్రయాణం, సగం దారి నీళ్లు కనబడుతూనే ఉంటాయి. నాకు నడవ పక్క సీటు దొరికింది. విండో సీటాయన ఎక్కగానే కర్టెన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగేసి కళ్లు మూసుకున్నారు. "కొంచెం తీస్తారా అండీ" అని అడిగాను. "ఎండ" అని ఒక్క మాటన్నారు, అంతే. ఇరవై నిమిషాలయ్యేసరికి నోట్లో నీళ్లూరడం మొదలైంది, అరచేతులు చల్లబడ్డాయి. ముందు సీటు వెనకున్న వల సంచిలో ఎవరో మడిచి పెట్టిన ప్లాస్టిక్ కవర్ ఉంది కాబట్టి సరిపోయింది. మిగిలిన దారంతా దాని మూతి రెండు చేతులతో బిగించి పట్టుకుని కూర్చున్నాను. ఆయన చూశారు. అయినా కర్టెన్ తీయలేదు.

కిటికీ పక్కన కూర్చున్నంత మాత్రాన బయటి వెలుతురంతా వాళ్ల సొంతమైపోతుందా? మీరే చెప్పండి.

నిద్రబాకీ:
అవుతుంది. ఆ సీటు కోసమే ముందుగా బుక్ చేసుకుంటాం. వారానికి ఆరు రోజులు నేనూ ఇలాంటి బస్సే ఎక్కుతాను. రాత్రంతా డ్యూటీ చేసి వస్తాను, పొద్దున బస్సులో దొరికే ఆ రెండు గంటల నిద్రే నాకు దిక్కు. సముద్రం చూడాలనుకునేవాళ్లు విండో సీటు తీసుకోవాలి. నడవ సీటు తీసుకుని పక్కవాడి కిటికీ అడగడమేంటి?

తీరవాసి:
ముందు వరుసలో కూర్చుంటే ఈ గొడవే ఉండదు.

చక్రాలమధ్య:
నేను పంతొమ్మిదేళ్లు బస్సు నడిపాను. తీరవాసి గారు చెప్పింది సగమే నిజం. ముందు వరుసలో రోడ్డు కనబడుతుంది కాబట్టి కడుపులో తిప్పడం తగ్గుతుంది. కుదుపు తక్కువ కావాలంటే మాత్రం ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య కూర్చోవాలి. వెనక ఇరుసు దాటాక ఉన్న సీట్లు ఊయల చివర లాంటివి, చిన్న గుంటలో దిగినా అక్కడ మనిషి ఎగిరిపడతాడు. అన్నేళ్లలో నేను కడిగించిన సీట్లన్నీ దాదాపు ఆ చివరి మూడు వరుసలవే.

ఇంకో సంగతి. దక్షిణానికి వెళ్లే బస్సులో పొద్దున ఎండ ఎడమ వైపు పడుతుంది, ఉత్తరానికి వెళ్తుంటే కుడి వైపు. తీరం తూర్పున ఉన్న చోట పొద్దున బస్సులో ఎండా సముద్రమూ ఒకే వైపు ఉంటాయి. కర్టెన్ తీయమనేవాళ్లూ వేయమనేవాళ్లూ ఒకే కిటికీ దగ్గర తగులుకునేది అందుకే. అదే దారిలో సాయంత్రం బస్సు ఎక్కండి, ఎండ రెండో వైపు ఉంటుంది, ఎవరూ నోరెత్తరు.

వెనకవరుస:
ఒక్క విషయం ఎవరూ మాట్లాడటం లేదు. చాలా బస్సుల్లో ఒక్కో అద్దం రెండు వరుసలకు కలిపి ఉంటుంది. కర్టెనూ ఒక్కటే. నేను లాగితే ముందువాళ్లకు ఎండ, వాళ్లు లాగితే నాకు ఎండ. అలాంటప్పుడు అది ఎవరి సొంతం?

అలలదారి:
నిద్రబాకీ గారూ, నేను అందాలు చూడ్డానికి అడగలేదండి. కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంది. కళ్లెదుట సీటు వెనక భాగమూ మూసిన కర్టెనూ మాత్రమే ఉంటే కదలడం లేదని కళ్లు చెబుతాయి. ఆ రెండూ పొసగకపోతేనే వికారం. 1882లోనే విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త వినికిడి లేనివాళ్లను పరిశీలించి, గిరగిరా తిప్పినా వాళ్లలో చాలామందికి కళ్లు తిరగడం లేదని రాశారు. లోపలి చెవి పని చేయకపోతే ఈ బాధ ఉండదు. పని చేసేవాళ్లకు కదలని గీత ఒకటి కనబడాలి. సముద్రం అంచుకు మించిన గీత ఏముంది? నీటి మట్టానికి 9 మీటర్ల ఎత్తున కన్ను ఉంటే ఆ అంచు దాదాపు 11 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. బస్సు ఎంత ఊగినా అది ఊగదు. వికారాన్ని ఇంగ్లీషులో నాసియా అంటారు, ఆ మాట గ్రీకులో ఓడను చెప్పే నౌస్ నుంచి వచ్చింది. మన నౌకకు అది తోబుట్టువే. మనుషులకు ఈ బాధ అంత పాతది. నేను కల్పించి చెప్పడం లేదు.

నిద్రబాకీ:
మాత్ర వేసుకోవచ్చుగా. బయలుదేరడానికి అరగంట, గంట ముందు వేసుకుంటే సరిపోతుంది. మీ ఒంటి సంగతి మీకు ముందే తెలుసు కదా.

అలలదారి:
వేసుకుంటే మధ్యాహ్నం దాకా మత్తు వదలదు. నేను దిగగానే పనికి వెళ్లాలి. నిద్ర విలువ తెలిసిన మీరు, మందు వేసుకుని మగతలో పని చేసుకోమంటున్నారా?

ఎండపొడ:
అద్దం ఉంటే ఎండ ఏమీ చేయదనుకోకండి. ఎండలో చర్మానికి హాని చేసే అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు వస్తాయి, యూవీబీ, యూవీఏ అని. మామూలు అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది. యూవీఏ చాలావరకు లోపలికి వచ్చేస్తుంది. రోజూ ఒకే వైపు కూర్చునేవాళ్లు కర్టెన్ వేసుకోవడంలో తప్పు లేదు.

చక్రాలమధ్య:
అందుకే సీటు ఎంచుకునేటప్పుడే దిక్కు చూసుకోమన్నాను.

నిద్రబాకీ:
చక్రాలమధ్య గారూ, దిక్కు చూసుకోవడానికి నాకు తీరిక ఎక్కడుంది? డ్యూటీ దిగి పరుగెత్తుకొచ్చేసరికి ఏ విండో మిగిలితే అది తీసుకుంటాను. అలలదారి గారూ, మీలాంటివాళ్లు రోజుకొకరు తగులుతారు నాకు. నిన్న ఒకాయన భుజం తట్టి లేపాడు, ఫోటో తీసుకోవాలట. మొన్న ఒకావిడ పిల్లాడికి పడవలు చూపించాలంది. అంతకు ముందు రోజు ఊరికే "గాలాడటం లేదు" అన్నారు, ఏసీ బస్సులో! ప్రతివాళ్లకూ అది ఒక్క రోజు ముచ్చట. నాకు ప్రతి రోజూ అదే. సినిమాకొచ్చినట్టు బస్సెక్కి, నిద్రపోయేవాడు రాక్షసుడన్నట్టు ఇక్కడికొచ్చి రాస్తారు.

అలలదారి:
సినిమాకా? కవర్ పట్టుకుని కూర్చున్నానని రాశాను. మీరు చదవనే లేదు. ఆ రోజు నా పక్కన కూర్చున్నాయనకూ మీకూ తేడా కనబడటం లేదు నాకు. చూసి కూడా చలించలేదాయన.

నిద్రబాకీ:
చూశారని మీకెలా తెలుసు? నిద్రలో కళ్లు సగం తెరుచుకునే మనుషులుంటారు. నేనూ అంతే, మా ఇంట్లో చెబుతారు.

తీరవాసి:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

వెనకవరుస:
కర్టెన్ రెండు వరుసలదీ అన్నాను. ఎవరూ జవాబివ్వలేదు.

నిద్రబాకీ:
ఒక్కటి అడుగుతాను అలలదారి గారూ, సూటిగా చెప్పండి. "నాకు వాంతి వచ్చేలా ఉంది" అని ఆయనతో అన్నారా?

అలలదారి:
అనలేదు.

నిద్రబాకీ:
మరి?

అలలదారి:
ఎందుకనాలి? నడవలో మనుషులు నిలబడి ఉన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషితో, పదిమంది వినేలా, నాకు వాంతి వస్తుందని చెప్పుకోవాలా? చిన్నప్పుడు బడి పిల్లలందరం బస్సులో వెళ్తుంటే టీచరు నన్ను లేపి నిలబెట్టి, "ఈ అమ్మాయి పక్కన కూర్చోకండి, వాంతి చేసుకుంటుంది" అని అందరికీ చెప్పారు. పోనూ రానూ ఆ సీటులో ఒంటరిగా కూర్చున్నాను. అప్పటి నుంచి ఆ మాట నా నోట రాదు. "కొంచెం తీస్తారా అండీ" అని మర్యాదగా అడిగితే చాలదా? మనిషి అడిగాడంటే ఏదో అవసరం ఉందనుకోవడానికి రోగం పేరు చెప్పి తీరాలా?

ఎండపొడ:
అసలు గొడవ ఇదన్నమాట. మనం కర్టెన్ గురించి కొట్టుకుంటున్నాం.

నిద్రబాకీ:
మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. ఆ టీచరు చేసింది తప్పు, అందులో నాకు ఇంకో మాట లేదు.

ఇప్పుడు నా వైపు నుంచి వినండి. రోజూ నన్ను అడిగేవాళ్లందరూ "కొంచెం తీస్తారా" అనే అంటారు. ఫోటో కావలసినాయనా అదే అన్నాడు, మీరూ అదే అన్నారు. కళ్లు మూసుకుని ఉన్న నాకు రెండూ ఒకేలా వినబడతాయి. అడిగిన ప్రతివాళ్లకూ తీశానంటే నేను వారంలో ఒక్క రోజు కూడా పడుకోను. నైట్ డ్యూటీ చేసి వస్తున్నానని మొదట్లో నేనూ చెప్పేవాణ్ని. "అందరం కష్టపడేవాళ్లమే" అని ఒకాయన బస్సంతా వినేలా అన్నాడు. ఆ రోజు కర్టెన్ తీశాను. ఇంటికెళ్లి పడుకున్నా నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి నేనూ కారణం చెప్పడం మానేశాను, "ఎండ" అంటాను. మీ పక్కనాయన కూడా అదే మాటన్నారని మీరు రాసినప్పుడే నాకు కోపమొచ్చింది, నన్నే అన్నట్టుగా.

అలలదారి:
అంటే ఆయనకూ ఏదో ఉండి ఉండొచ్చంటారు.

నిద్రబాకీ:
ఉండొచ్చు, లేకపోవచ్చు. మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు.

అలలదారి:
నేను ఒప్పుకోను. కవర్ చూశాక కూడా తీయకపోవడం వేరు. అక్కడ నేను చెప్పాల్సింది ఇంకేం మిగిలింది?

నిద్రబాకీ:
ఆయన మెలకువగా ఉండి చూసి ఉంటే, అది తప్పే.

చక్రాలమధ్య:
ఈసారి కండక్టర్‌కు చెవిలో చెప్పండమ్మా. డ్రైవర్‌కైనా చెప్పండి. ఎక్కేటప్పుడే చెబితే ముందు సీటుకు మార్చేవాళ్లం, ఎందుకని ఎవరికీ చెప్పేవాళ్లం కాదు. పెద్దవాళ్లు చాలామంది అలా చెప్పేవాళ్లు. స్టీరింగు పట్టుకున్నవాడికి తిప్పదు, మలుపు ఎప్పుడొస్తుందో వాడికి ముందే తెలుస్తుంది కనుక. మా వెనక కూర్చుంటే మీకూ కొంత తెలుస్తుంది.

అలలదారి:
ఒక్కరికైతే చెప్పగలనేమో. థ్యాంక్స్ అండీ.

నిద్రబాకీ:
రేపు పొద్దున మళ్లీ ఎక్కుతాను. ఎవరైనా అడిగితే ఎందుకని ఒకసారి అడుగుతాను, మెల్లగానే. తీస్తానని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను.

అలలదారి:
అడగండి. ఎవరికీ వినబడకుండా అడగండి.

వెనకవరుస:
మీరు తీస్తే మీ వెనక సీటు వాళ్ల మీద ఎండ పడుతుంది, వాళ్లను కూడా ఒకసారి అడగండి.