అప్‌డేట్: ఆ పార్ట్‌టైమ్ టీచర్ ఉద్యోగంలో చేరిపోయాను

బెజవాడలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు ఫ్రెంచ్, స్పానిష్ రెండూ చెప్పమంటున్నారు, పీరియడ్‌కి ఇంత అని డబ్బులు, చేరనా వద్దా అని జూన్‌లో మిమ్మల్ని అడిగాను కదా. చేరాను. "సెలవుల సంగతి ముందే కాగితం మీద రాయించుకో" అన్నవాళ్లకు దండం. అడిగితే కాస్త నసిగారు గానీ రాసిచ్చారు. దసరా, సంక్రాంతి సెలవులకు పైసా రాదు, పేపర్లు దిద్దితే విడిగా ఇస్తారు. సరే అనుకున్నా.

స్పానిష్ మన పిల్లల నోటికి ఇట్టే పట్టేసింది. 'n' మీద అల గీత ఉండే అక్షరం (ñ) బోర్డు మీద రాసి, పక్కన దాదాపు అలాగే పలికే మన 'ఞ' వేశాను. "దీన్ని ఒకటో తరగతి తర్వాత మళ్లీ ఇప్పుడే చూస్తున్నా మేడమ్" అన్నాడొకడు! ఫ్రెంచ్‌తోనే తంటా. 'తు', 'వూ' అంటే మన నువ్వు, మీరు అని చెప్పగానే అర్థమైంది. కానీ ఆ 'తు' సరిగ్గా పలకాలంటే పెదవులు 'ఊ' అన్నట్టు చుట్టి, లోపల 'ఈ' అనాలి. క్లాసంతా ఒకటే నవ్వు. ఫ్రెంచ్ మనకెందుకన్న పిల్లకు యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉందని చెబితే నమ్మలేదు.

రెండు భాషల క్లాసులూ వెంటవెంటనే వేస్తే తికమక అని మీరు హెచ్చరించారు. నిజమే. స్పానిష్ క్లాసులో థాంక్స్ చెప్పబోయి 'గ్రాసియాస్' బదులు ఫ్రెంచ్ 'మెర్సీ' అన్నాను, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు స్పానిష్ శనివారానికి మార్పించుకున్నా. పుస్తకాలు మాత్రం ఇంకా రాలేదు, జిరాక్సులతో నెట్టుకొస్తున్నాం.