గోల్ఫ్‌లో మూడు నాలుగు అడుగుల పట్ దగ్గర మణికట్టు అదురుతోంది, ఏం చేయాలి?

విజయనగరంలో ఉంటాను, వీలున్న ఆదివారాలు విశాఖ ముడసర్లోవ వెళ్లి గోల్ఫ్ ఆడతాను. హ్యాండిక్యాప్ 18 (అంటే మామూలు స్థాయి ఆటగాణ్ని), కుడిచేతి వాటం. డ్రైవ్, ఐరన్ షాట్లు నా స్థాయికి బాగానే పడుతున్నాయి. ఇబ్బంది అంతా మూడు నాలుగు అడుగుల పట్‌లతోనే, అంటే బంతిని నేల మీద దొర్లించి కప్పులో (గుంటలో) వేసే షాట్లతోనే.

ప్రాక్టీస్ గ్రీన్ మీద ఒక్కడినే ఉంటే బంతి నేరుగా కప్పులోకి పోతుంది. పక్కన ఎవరైనా నిలబడి చూస్తుంటే మాత్రం, పట్టర్ (పట్ కొట్టే కర్ర) బంతిని తాకబోయే క్షణంలో కుడి మణికట్టు అదిరి బంతి ఎడమకి పోతుంది. ఇరవై అడుగుల నుంచి కొట్టేటప్పుడు ఈ అదురు రాదు, అదే విచిత్రం. పందెం లేని ఆటలోనూ వస్తోంది కాబట్టి డబ్బు టెన్షన్ కాదు. నొప్పి లేదు. రాసేటప్పుడు, గ్లాసు పట్టుకున్నప్పుడు చెయ్యి వణకదు.

ఎడమ చెయ్యి కిందకి పెట్టి పట్టుకోవడం మొదలుపెట్టాను. కొంతకాలం బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. పట్టర్‌కి లావు గ్రిప్ వేయించాను, తేడా లేదు. కొట్టే ముందు ఊపిరి నెమ్మదిగా వదిలి చూశాను. బంతి మీది గీతను లైన్‌కి సరిచూసుకుంటే ఆలోచన ఎక్కువై ఇంకా బిగుసుకుపోతున్నాను. "టెన్షన్ పడకు గురూ" అని చాలామంది చెప్పారు. దాంతో పనైతే ఇక్కడ అడిగేవాణ్ని కాదు.

జర్మన్ గోల్ఫర్ బెర్న్‌హార్డ్ లాంగర్ ఈ యిప్స్ (పట్ కొట్టేటప్పుడు చెయ్యి ఇలా అదరడం) నుంచి పొడవు పట్టర్‌తో గట్టెక్కాడు. కానీ దాన్ని ఒంటికి ఆనించి కొట్టడం 2016 నుంచి నిషేధం. నేను ఇంకా ప్రయత్నించనివి రెండు: కుడిచేత్తో పెన్సిల్ పట్టినట్టు పట్టే క్లా గ్రిప్, బంతిని కాకుండా కప్పునే చూస్తూ కొట్టడం.

యిప్స్ నుంచి బయటపడ్డవాళ్లు చెప్పండి, ఈ రెండిట్లో ముందు ఏది మొదలుపెట్టాలి?