‘దానింతై’లో ‘దా’ ఎవరిది?

నల్లగొండ: కాలేజీ పత్రికకు క్యాన్సర్ మందును మోసే పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల) నానో కణాల గురించి రాస్తున్నాను. ‘నానో’కు గ్రీకులో మూలార్థం మరుగుజ్జు, అందుకే వామనుడితో మొదలుపెడదామనుకున్నా. పోతన పద్యంలో ‘ఇంతింతై వటుడింతయై మరియు’ తర్వాత ‘దానింతై’యా, ‘తానింతై’యా? రాత్రి నుంచి ఇదే నలుగుతోంది. ఇంకొకటి, వేడికి ఆ కణం నీళ్లు వదిలి చిన్నదవుతుంది. దాన్ని ‘ముడుచుకొను’ అనాలా, ‘కుంచించుకొను’ అనాలా?

మహబూబ్‌నగర్: ‘దా’నే. మరియున్ ద్రుతాంతం (‘న్’తో ముగిసే మాట) కదా, దాని తర్వాత తాన్‌లో తకారం సరళమై ‘ద’ అయింది.

దేవరకొండ: బలి ఇచ్చిన ‘దానం’ ఇంతై పెరిగిందని మా సారు చెప్పేవారు. నాకిప్పటికీ ఆ అర్థమే ఇష్టం.

మహబూబ్‌నగర్: ఇష్టం వేరన్నా. అప్పుడు ‘దానమింతై’ కావాలి, గణం (అక్షరాల లెక్క) చెడుతుంది. ఈ పద్యం శార్దూలం, అందులో 13వ అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. ‘ఇం’కి ‘నిం’ కుదిరిందంటే లోపల ఇకారం ఉండబట్టే. తాన్ + ఇంతై, అంతే.

సూర్యాపేట: అసలు పోలికే తిరగబడింది మేడమ్. వటుడు పెరిగాడు, మీ కణం తగ్గుతోంది.

నల్లగొండ: చల్లబడితే మళ్లీ నీళ్లు తాగి ఉబ్బుతుంది సార్. ఎంత వేడికి నీళ్లు వదులుతుందో ఆ హద్దు, ఎక్కువగా వాడే పాలిమర్‌కు సుమారు 32 డిగ్రీలు. ఒంటి వేడి 37 కాబట్టి, నీటిని ఇష్టపడే వేరే అణువులు కలిపి హద్దును 40 దాకా జరుపుతారు. అప్పుడు క్యాన్సర్ గడ్డ ఉన్నచోట మాత్రం వేడిచేస్తే, కణం అక్కడే మందు వదలాలని ఆలోచన. ల్యాబ్‌లో చూశాను: తేటగా ఉన్న ద్రావణం, టెస్ట్‌ట్యూబును గోరువెచ్చని నీళ్లలో పెట్టగానే గంజిలా తెల్లబడింది. ఐసు నీళ్లలో పెడితే మళ్లీ తేట!

దేవరకొండ: తడిబట్ట పిండినట్టే కదమ్మా. ‘పిండుకొను’ అనండి.

మహబూబ్‌నగర్: పిండాలంటే ఇంకో చెయ్యి కావాలి. ఇది తానే వదులుతోంది.

సూర్యాపేట: మాట పద్యంలోనే ఉంది! ‘తోయదమండలాగ్రమున కల్లంతై’. తోయదమంటే నీళ్లిచ్చేది. ఆ కణానికి అదే పేరు పెట్టండి.

మహబూబ్‌నగర్: తోయదం మేఘానికే రూఢి అయింది సార్. కానీ పోతన ఎక్కించిన మెట్లు చూడండి: ఆకాశం, మేఘం, చంద్రుడు, ధ్రువుడు, సత్యలోకం! ‘అల్లంతై’ దగ్గర చదివేవాడి గొంతే పైకి లేస్తుంది.

దేవరకొండ: ఆ ‘అల్లంత’ ఎత్తా, దూరమా? మా దిక్కు ‘అల్లంత దూరం’ అంటాం, ఎత్తుకు నేను వినలేదు.